పంపు పక్కన స్వామీజీ
(స్వామి జ్ఞానానంద స్మారకోపన్యాసం)



మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని ఉంది. ఈ బల్ల మీద ఉన్నది గైగర్-ముల్లర్ గొట్టం. దీని దగ్గర రేడియోధార్మిక పదార్థం ఏదీ పెట్టలేదు, కావాలంటే వచ్చి చూసుకోవచ్చు. స్విచ్ వేస్తున్నాను. వింటున్నారా, టిక్కుమంటోంది. ఆ శబ్దం కాసేపటికి విసుగు పుట్టిస్తుంది కనక స్పీకరు ఆపేస్తాను. లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఎంత వచ్చిందో చివర్లో చూద్దాం.

నేను స్వామీజీని చూడలేదు. ఆయన 1969లో పోయారు. నేను ఎమ్మెస్సీలో చేరింది 1971లో. కాబట్టి ఆయన పాదాల దగ్గర కూర్చున్నానని చెప్పుకునే భాగ్యం నాకు లేదు. నేను విన్నవన్నీ కథలే. ఆ కథల్లో హిమాలయాలు ఉండేవి, యోగసాధన ఉండేది, జర్మనీలో ఉపన్యాసాలు ఉండేవి. సన్యాసి సైంటిస్టు అయ్యాడు అనగానే మనవాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. అయ్యాక ఏం చేశాడు అంటే మాత్రం గొంతు తగ్గుతుంది. ‘న్యూక్లియర్ ఫిజిక్స్’ అనేసి పక్క విషయంలోకి వెళ్ళిపోతారు. నేను ఇవాళ ఆ పక్క విషయంలోకి వెళ్ళను. ఆయన కాషాయం గురించి మీరందరూ విన్నారు. పంపు గురించి చెప్పడానికి వచ్చాను.

జీవితం రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తెలియని పిల్లలుంటారు. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అసలు పేరు. యువకుడిగా ఇల్లు విడిచి, ఏళ్ళ తరబడి హిమాలయాల్లో సాధన చేశారు. 1920ల చివర్లో జర్మనీ వెళ్ళారు. ‘పూర్ణ సూత్రాలు’ అనే తత్త్వగ్రంథం అచ్చు వేయించుకోవడం అప్పటి పని. అక్కడ డ్రెస్డెన్‌లో గణితం, భౌతికశాస్త్రం పట్టుకున్నాయి. తర్వాత ప్రాగ్‌లో ఎక్స్-కిరణాలు, లివర్‌పూల్‌లో బీటా కిరణాలు, అమెరికాలో మిషిగన్, తిరిగొచ్చాక ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాల, 1954లో వాల్తేరు. ముప్పై దాటిన వయసులో సైన్సు ఓనమాలు దిద్దడం మొదలుపెట్టిన మనిషి ఇన్ని బళ్ళు తిరిగాడు. ఈ ఊళ్ళ పేర్లు వరసగా చదివితే తీర్థయాత్రలా ఉంటుంది. ఎక్కడ ఏ పనిముట్టు పట్టుకున్నాడని చూస్తే మాత్రం ఒకే దారి కనిపిస్తుంది.

ఆ దారి ప్రాగ్‌లో మొదలవుతుంది. చార్ల్స్ విశ్వవిద్యాలయంలో ఆయన వాత్స్లావ్ డొలెయ్‌షెక్ దగ్గర పనిచేశారు. డొలెయ్‌షెక్ స్వీడన్‌లో సీగ్బాన్ దగ్గర పని నేర్చుకున్న ఎక్స్-కిరణ వర్ణపట శాస్త్రజ్ఞుడు. పాపం, ఆయన్ని నాజీలు పట్టుకుపోయారు. 1945 జనవరిలో తెరెజిన్ నిర్బంధ శిబిరంలో పోయాడు. శిష్యుడి కథలో గురువు పేరు ఒక పాదసూచికగా మిగలకూడదు కనక ఆ మాట చెబుతున్నాను.

మెత్తటి, అంటే శక్తి తక్కువైన, ఎక్స్-కిరణాలు గాలిలో ఎంతో దూరం పోలేవు, గాలే మింగేస్తుంది. కాబట్టి వాటిని కొలవాలంటే మూలం, స్ఫటికం, ఫిల్ము మొత్తం ఒక పెట్టెలో పెట్టి గాలి తోడెయ్యాలి. ఆ తోడే పని ఎక్స్-కిరణాల పనికంటే పెద్దది. బీటా కిరణాల దగ్గరకు వెళ్ళినా ఇదే తంటా. బీటా కణమంటే ఎలక్ట్రాన్. దారిలో గాలి అణువు తగిలితే పక్కకు పోతుంది, శక్తి పోగొట్టుకుంటుంది. మామూలు గాలిలో ఒక అణువు ఇంకో అణువును గుద్దుకోకుండా పోయే దూరం సగటున మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా లేదు. పీడనాన్ని మిల్లీమీటరు పాదరసంలో లక్షో వంతుకు తెస్తే అది అయిదు మీటర్లవుతుంది. అప్పుడుగాని పెట్టెలోని ఎలక్ట్రాన్ ఎవరికీ తగలకుండా కౌంటర్ దాకా రాదు.

తోడడం ఎలాగంటే ముందు ఒక రోటరీ పంపు. దాని వెనక డిఫ్యూజన్ పంపు. ఇందులో తిరిగే భాగాలేవీ ఉండవు. అడుగున పాదరసమో నూనో మరుగుతుంది. ఆ ఆవిరి పైనించి గొడుగులా కిందికి చిమ్ముతూ గాలి అణువుల్ని తనతోపాటు తోసుకుపోతుంది. పాదరసపు ఆవిరి వెనక్కి పెట్టెలోకి రాకుండా మధ్యలో ద్రవీకరించిన గాలితో చల్లబరిచే ఉచ్చు ఒకటి. ఎంత తోడామో చూడటానికి మెక్లౌడ్ గేజి, 1874 నాటి గాజు పనిముట్టు. పాదరసాన్ని పైకెత్తి, మిగిలిన కాస్త గాలినీ సన్నటి గొట్టంలోకి నొక్కి కొలుస్తారు. చెయ్యి వణికిందంటే గాజు పగిలి పాదరసం నేల మీద ముత్యాలై దొర్లుతుంది. ఇన్ని చేసినా ఎక్కడో కారుతుంది. కారే చోటు పట్టుకోవడం సైకిల్ ట్యూబు పంక్చరు వెతికినట్టే. కాకపోతే ఇక్కడ గాలి బయటికి పోదు, లోపలికి వస్తుంది. టెస్లా కాయిల్ గాజుకు ఆనిస్తే లోపల గులాబి రంగు వెలుగు వస్తుంది. అతుకుల మీద స్పిరిటు దూది అద్దుకుంటూ పోతారు. ఎక్కడ అద్దినప్పుడు లోపలి వెలుగు నీలిగా మారిందో అక్కడుంది చిల్లు. మైనం, వార్నిష్ పూసి మళ్ళీ మొదలు. నా చదువులో ఒక వేసవి మొత్తం ఈ దూదితోనే గడిచింది.

స్వామీజీ ఈ విద్యమీద ఒక పుస్తకమే రాశారు. ‘హై వాక్యువా’ అని, 1947లో న్యూయార్క్‌లో వాన్ నోస్ట్రాండ్ కంపెనీ అచ్చువేసింది. శూన్యం తయారుచేసే పద్ధతులు, కొలిచే పద్ధతులు, పంపులు, గేజిలు. పూర్ణం మీద పుస్తకం రాసినాయనే ఇరవై ఏళ్ళు తిరక్కుండా శూన్యం మీద రాశారు. గోదావరి జిల్లావాడు కదా, పూర్ణమంటే బూరెలోది అనుకుని ఊరుకోకుండా ఇంత దూరం వెళ్ళాడు అని మా మాస్టారు ఒకరు నవ్వేవారు. ఆ రెండు పుస్తకాలనీ కలిపి ఉపన్యాసాలివ్వడం మనవాళ్ళకు ఇష్టం. నాకు మాత్రం రెండోది విడిగానే ముద్దు. ఎందుకంటే అందులోని శూన్యం నిజానికి శూన్యం కాదు. మిల్లీమీటరు పాదరసంలో పదిలక్షో వంతుకు తోడినా, ఒక్క ఘన సెంటీమీటరులో ఇంకా 3,000 కోట్లకు పైగా అణువులు మిగులుతాయి. వేదాంతి శూన్యం ఒక మాటతో వచ్చేస్తుంది. పంపు దగ్గర నిలబడ్డవాడికి అది ఎన్నటికీ రాదు, ఇంకో సున్నా దగ్గరవుతుందంతే.

ఇప్పుడు లివర్‌పూల్. అక్కడ ఆచార్యుడు జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రాన్ కనిపెట్టి, 1935లో నోబెల్ అందుకుని, అదే ఏడు కేంబ్రిడ్జి వదిలి లివర్‌పూల్ వచ్చాడు. న్యూట్రాన్ సంగతి అందరికీ తెలుసు. స్వామీజీ ఆయన దగ్గర బీటా వర్ణపటం మీద డాక్టరేటు చేశారు కాబట్టి, నేను చెప్పవలసింది న్యూట్రాన్‌కు పద్దెనిమిదేళ్ళ ముందు జరిగిన సంగతి.

1913లో చాడ్విక్ కుర్రవాడు. మాంచెస్టర్ నుంచి బెర్లిన్‌కు హాన్స్ గైగర్ దగ్గర పని నేర్చుకోవడానికి వెళ్ళాడు. గైగర్ అంటే లెక్కపెట్టడానికే పుట్టిన మనిషి. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర ఉన్న రోజుల్లో అరగంట చీకట్లో కూర్చుని, కళ్ళు అలవాటయ్యాక, సూక్ష్మదర్శినిలోంచి జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణాలు చేసే మిణుకుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టేవాడు. ఆ పనిలో కళ్ళు అలిసిపోతాయి. మిణుకుకు బదులు విద్యుత్ గంతు వచ్చే గొట్టాన్ని తయారుచేశాడు. 

ఆ రోజుల్లో బీటా కిరణాలను అయస్కాంతంతో వంచి ఫొటో పలక మీద పడేసేవారు. పలక మీద సన్నటి గీతలు వచ్చేవి. ఒక్కో గీత ఒక్కో శక్తి అనుకున్నారు. చాడ్విక్ పలక తీసేసి, అక్కడ గైగర్ కౌంటర్ పెట్టి లెక్కపెట్టాడు. గీతలు దాదాపు మాయమయ్యాయి. సున్నా నుంచి ఒక గరిష్ఠం దాకా అన్ని శక్తులతోనూ ఎలక్ట్రాన్లు వస్తున్నాయి, ఆ పరుపు మీద గీతలు చిన్న మడతల్లా ఉన్నాయి. ఫొటో పలక చేసిన మోసమది. చిన్న తేడాను కూడా నల్లటి గీతగా చూపించే గుణం దానికుంది, పరుచుకున్న మసకను కంటికి ఆనకుండా చేసే గుణమూ ఉంది. ఫలితం చూసి చాడ్విక్ మొదట తన పనిలోనే ఎక్కడో పొరపాటు ఉందనుకున్నాడు. పొరపాటు లేదు. 1914లో అచ్చయింది. కొన్ని నెలలకే యుద్ధం వచ్చి, శత్రుదేశపు పౌరుడని చాడ్విక్‌ను బెర్లిన్ పక్కన రూలెబెన్ గుర్రప్పందేల మైదానంలో గుర్రాల కొట్టంలో పెట్టారు. అక్కడ కూడా ఊరుకోలేదాయన. ఆ రోజుల్లో జర్మనీలో థోరియం కలిపిన పళ్ళపొడి ముద్ద అమ్మేవారు. దాన్నే రేడియోధార్మిక మూలంగా పెట్టుకుని ప్రయోగాలు చేశాడు. తోటి ఖైదీ ఎల్లిస్, సైన్యంలో అధికారి కావలసినవాడు, ఆ కొట్టంలోనే భౌతికశాస్త్రం వైపు తిరిగాడు.

ఆ ఎల్లిసే 1927లో వూస్టర్‌తో కలిసి అసలు ముడి బిగించాడు. రేడియం-ఇ అనే బిస్మత్ ఐసోటోపును ఒక చిన్న కెలోరీమీటరులో పెట్టి, ఎంత వేడి పుడుతోందో కొలిచాడు. ఎలక్ట్రాన్లన్నీ ఒకే శక్తితో పుట్టి దారిలో పోగొట్టుకుంటుంటే, ఆ పోయిన శక్తి కూడా వేడిగా దొరకాలి. అంటే ఒక్కో విఘటనకు గరిష్ఠ శక్తి, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు రావాలి. వచ్చింది మూడున్నర లక్షలు. మిగిలినది ఎవరి జేబులోకి పోయింది? శక్తి నిత్యత్వ నియమమే తప్పేమో అన్నవాళ్ళలో నీల్స్ బోర్ కూడా ఉన్నాడు. 1930 డిసెంబరులో పౌలీ, కంటికీ కౌంటర్‌కీ ఆనని ఒక కణం ఆ వాటా పట్టుకుపోతోందని ఉత్తరం రాశాడు. అదే న్యూట్రినో. ఫెర్మీ 1934లో దానితో సిద్ధాంతం కట్టాడు. కణం నిజంగా కౌంటర్‌కు చిక్కింది 1956లో.

విద్యార్థులు గమనించాలి, ఈ కథలో సిద్ధాంతకర్తలు వచ్చేది చివర్లో. ముందంతా ఫొటో పలకకూ కౌంటర్‌కూ మధ్య తగాదా.

స్వామీజీ తర్వాతి మెట్టు మిషిగన్ విశ్వవిద్యాలయం. అక్కడ బీటా వర్ణపటం ఇంకో పాఠం చెప్పి ఉంది. 1935లో మిషిగన్‌లోనే ఉన్న కొనోపిన్స్కీ, ఉలెన్‌బెక్ ఫెర్మీ సిద్ధాంతాన్ని కాస్త సవరించారు. అప్పటి కొలతలకు ఫెర్మీదానికంటే ఈ సవరించినదే బాగా సరిపోయింది. వర్ణపటంలో తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు ఫెర్మీ చెప్పినదానికంటే ఎక్కువగా కనిపించేవి మరి. కొన్నేళ్ళపాటు లోకమంతా కొత్త సూత్రాన్నే నమ్మింది. తర్వాత తెలిసింది, తప్పు ఫెర్మీ సూత్రంలో కాదు, నమూనా మందంలో. రేడియోధార్మిక పదార్థాన్ని మందంగా పూస్తే అడుగునుంచి వచ్చే ఎలక్ట్రాన్లు పైకి వచ్చేలోపలే శక్తి పోగొట్టుకుని, తక్కువ శక్తి గుంపులో చేరిపోతాయి. వెనకనున్న రేకునుంచి తిరిగొచ్చేవి కొన్ని. నమూనాను పలచగా, బాగా పలచగా చేశాక ఫెర్మీయే గెలిచాడు. అలా తేల్చిన కొలతల్లో మిషిగన్ ప్రయోగశాలవి కూడా ఉన్నాయి. సొంత ఊరి సిద్ధాంతాన్ని సొంత ఊరివాళ్ళే కొలిచి పక్కన పెట్టారన్నమాట. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది.

పలచగా పూయడమంటే మాటలు కాదు. గాలికి చిరిగిపోయేంత సన్నటి పొర మీద ఒక చుక్క ద్రావణం వేసి ఆరబెడితే, ఉప్పు అంచుల్లో గడ్డకడుతుంది, కాఫీ మరకలాగే. అది సమంగా పరుచుకోవడానికి బీటా కిరణాలు కొలిచేవాళ్ళు కనిపెట్టిన చిట్కా ఏమిటనుకున్నారు? ఇన్సులిన్. చక్కెర జబ్బువాళ్ళు పొడిపించుకునే మందే. ముందు ఒక చుక్క ఇన్సులిన్‌తో తడిపితే ద్రావణం చక్కగా పరుచుకుంటుంది. కౌంటర్ ముందు కిటికీ కూడా అంతే పలచటి అభ్రకం. లోపల గాలి లేని పెట్టె, బయట వాయువు నిండిన కౌంటర్, మధ్య ఆ అభ్రకపు రేకు. పగిలిందంటే పంపు, కౌంటర్, నెలరోజుల కష్టం మొత్తం ఒక్క ‘ఫట్’తో సరి.

ఇంతటి విద్య చేతుల్లో పెట్టుకుని, యాభై ఏడేళ్ళ వయసులో స్వామీజీ వాల్తేరు వచ్చారు. 1956లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విడి శాఖ అయింది. ఇప్పుడు ఆ ప్రయోగశాలలకు ఆయన పేరే ఉంది. ఆయన ఏం కట్టారన్నదానికంటే ఏం కట్టకూడదనుకున్నారన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. కణాలను పరుగెత్తించే పెద్ద యంత్రాలు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయపు జేబుకు అందేవి కావు. అందినవేమిటంటే చిన్న రేడియోధార్మిక మూలాలు, సీసపు ఇటుకలు, గామా తగిలితే మెరిసే సోడియం అయొడైడ్ క్రిస్టల్, దాని వెనక ఆ మెరుపును పట్టే ఫొటోమల్టిప్లయర్ ట్యూబు, లెక్క చూపే స్కేలర్, రాత్రంతా మేలుకోగల పిల్లలు. కాబట్టి గామా కిరణాలు ఏ మూలకంలో ఎంత ఆగిపోతాయి, ఒక కేంద్రకం నుంచి వెంటవెంటనే వచ్చే రెండు గామాల మధ్య సంబంధం ఏమిటి, అలాంటి ప్రశ్నలు అక్కడ వేళ్ళూనాయి. జేబును బట్టి ప్రశ్న ఎంచుకోవడం పిరికితనం కాదు. అయితే నాకు ఒక అసంతృప్తి ఉంది, దాచుకోను. తర్వాతి తరాల్లో మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ప్రశ్న మారడం ఆగిపోయింది. అదే కొలత, ఇంకో మూలకం, ఇంకో థీసిస్. ఆయన ఊరూరా తిరిగి ప్రతిచోటా కొత్త పనిముట్టు పట్టుకున్నారు. మనం ఒకటే పట్టుకుని కూర్చున్నాం.

అలాగని ఆ కొలతలు తేలికని కాదు. గామా కిరణం ఎంత ఆగుతుందో చూడటమంటే, మధ్యలో సీసపు రేకు లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి లెక్కపెట్టడమే కదా అనిపిస్తుంది. సీజియం-137 నుంచి వచ్చే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాలు సగానికి తగ్గడానికి దాదాపు అయిదున్నర మిల్లీమీటర్ల సీసం చాలు. చిక్కెక్కడంటే, రేకులో పక్కకు చెదిరిన గామా కూడా దొడ్డిదారిన క్రిస్టల్‌లోకి దూరుతుంది. అది ఆగిపోయినదాని కింద లెక్కకు రావాలి, వచ్చినదాని కింద పడుతుంది. అందుకని సన్నటి రంధ్రాల సీసపు దిమ్మెలు ముందొకటి, వెనకొకటి పెట్టి, ఆ రంధ్రాలన్నీ ఒకే గీతలో ఉండేట్టు దారం లాగి చూసుకోవాలి. రంధ్రం సన్నబడేకొద్దీ లెక్క తగ్గుతుంది, రాత్రి పొడుగవుతుంది.

రెండో పని ఇంకా చిత్రమైనది. కోబాల్ట్-60లో ఒకదాని వెంట ఒకటి రెండు గామాలు వస్తాయి, 1,173, 1,332 కిలో ఎలక్ట్రాన్ వోల్టులవి. రెండు క్రిస్టల్స్ పెట్టి, రెండూ ఒకేసారి కొట్టినప్పుడే లెక్కించాలి. ఈ ‘కోయిన్సిడెన్స్’ పద్ధతి బోథే, గైగర్‌లది, 1925 నాటిది. క్రిస్టల్స్‌ను ఎదురెదురుగా పెట్టినప్పటి లెక్క, లంబంగా పెట్టినప్పటి లెక్కకంటే ఆరో వంతు ఎక్కువ ఉండాలి. ఆ ఆరో వంతునుంచే కేంద్రకపు స్థాయిల కోణీయ ద్రవ్యవేగం తెలుస్తుంది. చూడండి, అణువుకంటే ఎన్నో వేల రెట్లు చిన్న వస్తువు ఎలా తిరుగుతోందో ఒక బల్ల మీద క్రిస్టల్‌ను జరిపి తెలుసుకోవడం!

ఇప్పుడు అంకగణితం. ఎన్ని లెక్కించామో దాని వర్గమూలమంత అనిశ్చితి ఉంటుంది. ఒక శాతం కచ్చితత్వం కావాలంటే 10,000 లెక్కలు రావాలి. నిమిషానికి ఇరవై వస్తుంటే ఒక్క కోణానికి అయిదు వందల నిమిషాలు, ఎనిమిది గంటల పైన. నేను కుర్రతనంలో ఒక తెలివి ఉపయోగించాను. ఇంకా బలమైన మూలం పెడితే తొందరగా అయిపోతుంది కదా అని. మా గైడుగారు నవ్వి, కాగితం చేతికిచ్చి, “దొంగ లెక్కలు ఎన్నొస్తాయో వేసి చూడు నాయనా” అన్నారు. వేరువేరు కేంద్రకాలనుంచి వచ్చి యాదృచ్ఛికంగా ఒకే క్షణంలో తగిలేవి దొంగ లెక్కలు. మూలం రెట్టింపు చేస్తే అసలువి రెట్టింపవుతాయి, దొంగవి నాలుగింతలవుతాయి. ఆ రోజుల్లో మా సర్క్యూట్‌కు మైక్రోసెకను లోపల వచ్చినవన్నీ ‘ఒకేసారి’ కిందే లెక్క. ఒక్కో క్రిస్టల్‌లో సెకనుకు వెయ్యి చొప్పున వస్తే దొంగవే సెకనుకు రెండు, నిమిషానికి నూట ఇరవై. అసలువి ఇరవై. మూలాన్ని బలహీనంగా ఉంచి రాత్రులు మేలుకోవడమే దారి అని ఆ కాగితం మీద తెలిసింది. అంతకు ముందు ఎన్ని పుస్తకాలు చదివినా తెలియలేదు.

నా ఘనకార్యాలు ఇంకో రెండున్నాయి. చదువుకున్న చోటు పేరు చెప్పను, దాని పరువు దానికుండాలి. సోడియం అయొడైడ్ క్రిస్టల్ ఉప్పులాంటిదే, తేమ తగిలితే చెడుతుంది. అందుకే అల్యూమినియం డబ్బాలో సీలు చేసి పంపుతారు. సముద్రపు గాలి వీచే ఊళ్ళో ఒక రోజు స్టాండుకు బిగించే తొందరలో నేను ఆ డబ్బా అంచు నొక్కేశాను. ఏమీ కాలేదనుకున్నాను. శ్రావణం వచ్చేసరికి తెల్లటి క్రిస్టల్ పండుటాకు రంగుకు తిరిగింది. ఏడు శాతం దగ్గరుండే రిజల్యూషన్, అంటే శక్తి శిఖరపు వెడల్పు, పదమూడుకు పోయింది. పక్కపక్కనున్న కోబాల్ట్ శిఖరాలు రెండూ కలిసిపోయి ఒంటె వీపులా కనిపించాయి. తిడతారనుకుని రెండు రోజులు గైడుగారికి ఎదురుపడలేదు. మూడోనాడు ఆయనే వచ్చి చూసి, “సరే, పాడైన క్రిస్టల్ ఎలా కొలుస్తుందో పూర్తిగా కొలిచి రాయి. తర్వాత ఎప్పుడైనా మంచిది మెల్లగా పాడవుతుంటే గుర్తుపట్టడానికి పనికొస్తుంది” అన్నారు. రాశాను. పనికొచ్చింది కూడా, పదేళ్ళ తర్వాత.

రెండోది. విశాఖ, భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతోపాటు మోనజైట్ ఉంటుంది. మోనజైట్‌లో థోరియం. అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి బరువైన నల్ల ఇసుకను చారలు చారలుగా వదిలేస్తాయి, మీరంతా చూసే ఉంటారు. ఆ నల్ల ఇసుకను గుడ్డసంచిలో తెచ్చి కౌంటింగ్‌కు పెట్టాను. థోరియం వంశంలోని చివరి శిఖరం 2,614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర చక్కగా వచ్చింది. దానికంటే చాలా ముందు, 1,460 దగ్గర ఇంకో శిఖరం నిటారుగా లేచింది. థోరియం పట్టికలో అంత బలమైనది అక్కడ లేదు. రాత్రి రెండు గంటలవేళ నేను కొత్త విషయం కనిపెట్టేశానని నిశ్చయించుకున్నాను. తెల్లారి ఇసుక తీసేసి ఊరికే లెక్కపెట్టాను. శిఖరం అక్కడే ఉంది. అది గది గోడ ఇటుకల్లోని పొటాషియం-40. గోడ ఆ ఇల్లు కట్టిననాటినుంచీ అదే పలుకుతోంది, వినడానికి నేను అప్పుడు వచ్చాను.

పొటాషియం గోడలోనే కాదు. ప్రకృతిలోని పొటాషియంలో పదివేలకు ఒకటి పైచిలుకు ఈ 40వ ఐసోటోపు. మీ ఒంట్లో, నా ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా విఘటనలు జరుగుతున్నాయి. మధ్యాహ్నం భోజనంలో వడ్డించిన చక్కెరకేళీలోనూ సెకనుకు పది, పదిహేను ఉంటాయి. భయపడి మానేయకండి. ఎక్కువ తిన్న పొటాషియాన్ని శరీరం బయటికి పంపేస్తుంది.

అందుకే, రేడియేషన్ కొలిచేవాడి పనిలో సగం, తనకు అక్కర్లేనిదాన్ని తెలుసుకోవడం. ఇసుకలో ఎంతుందో కొలవాలంటే ఇసుక లేనప్పుడు ఎంతుందో ముందు కొలవాలి, అదీ అంతే సేపు, అంతే శ్రద్ధగా. పైనించి వచ్చే కాస్మిక్ కిరణాలను సీసపు ఇటుకలు పూర్తిగా ఆపలేవు. వాటినుంచి దాక్కోవడానికి మనవాళ్ళు కోలార్ బంగారు గనుల్లోకి రెండు కిలోమీటర్లకు పైగా దిగారు. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే కార్మికులు తవ్విన ఆ సొరంగాల్లో, టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి 1965లో, గాలిపొరల్లో కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. చాడ్విక్ కౌంటర్‌కు కనిపించకుండా వాటా పట్టుకుపోయిన కణం జాతిదే అది. స్వామీజీ వాల్తేరులో ఉద్యోగ విరమణ చేసిన ఏడు కూడా అదే. ఆ రెంటికీ సంబంధం లేదు. తారీకులు పక్కపక్కన కనిపించాయి, చెప్పాను.

నాకిచ్చిన యాభై అయిదు నిమిషాలు అయిపోయాయి. బాబూ, ముందు వరసలో నీలం చొక్కా వేసుకున్నావే, నువ్వొచ్చి ఆ స్కేలర్ చదువు. ఎంత? 1,387. వర్గమూలం వేస్తే 37. కాబట్టి 1,387 ప్లస్ ఆర్ మైనస్ 37 అని రాయి. ఎన్ని నిమిషాలో కూడా పక్కన రాయి, అది రాయకపోతే మొదటి అంకె దేనికీ పనికిరాదు. ఇందులో ఈ హాలు గోడలున్నాయి, ఆకాశం ఉంది, ముందు వరసవాళ్ళూ కాస్త ఉన్నారు. రేపు ఇదే బల్ల మీద ఇంతే సేపు పెడితే 1,387 రాదు. ఎంతొస్తుందో చూడాలంటే గొట్టం ఇక్కడే వదిలి వెళతాను. ఇప్పటికి స్విచ్ ఆపెయ్యి. హైవోల్టేజి ముందు తగ్గించు, ఆ తర్వాత మెయిన్ స్విచ్.